సినిమా మనది, క్యాసెట్టు మనది, ఇల్లు మనది: తాళం మాత్రం కంపెనీ చేతిలో

2025 ఏప్రిల్ 29 నుంచి ప్లెక్స్ అనే సంస్థ ఒక నిబంధన మార్చింది. మన ఇంటి కంప్యూటర్లో దాచుకున్న సినిమానో, పెళ్ళి వీడియోనో వేరే ఊళ్ళో ఉన్న మన పిల్లల టీవీలో చూపించాలంటే ఇకమీదట చందా కట్టాలి. అంతకు ముందు అది ఉచితం. జీవితకాల చందాను కూడా 119.99 డాలర్ల నుంచి 249.99 డాలర్లకు పెంచారు. ఒకే ఇంట్లో, ఒకే వైఫై మీద చూసుకునేవారిని మాత్రం ఇప్పటికీ డబ్బు అడగడం లేదు.

ఇది అమెరికా సంగతి, మనకెందుకు అనుకోవచ్చు. కానీ మా బరంపురంలో నాకు తెలిసినంతలోనే ఆరేడు తెలుగు ఇళ్ళలో ఈ ప్లెక్స్ నడుస్తోంది. పెట్టి వెళ్ళింది బెంగళూరులోనో హైదరాబాదులోనో ఉద్యోగం చేసే కొడుకులూ కూతుళ్ళూ. చూసేది ఇక్కడున్న తాతలూ మామ్మలూ, సెలవులకు వచ్చే మనవలూ. షోలాపూరు నుంచి, బళ్ళారి నుంచి మన సంఘాల మిత్రులు ఫోన్ చేసినప్పుడు కూడా ఇదే మాట వస్తోంది: "కార్యదర్శి గారూ, ఇన్ని క్యాసెట్లు, ఇన్ని డిస్కులు ఉన్నాయి. టీవీలో కనబడేలా చేయాలంటే ఏ పెట్టె కొనాలి?" ఏ పెట్టె కొన్నా రెండు మూడేళ్ళ తర్వాత అది ఎవరి మాట వింటుంది అన్నది అసలు ప్రశ్న. దాన్ని గురించే ఈ వ్యాసం.

మన ఇళ్ళలో ఇంత సరుకు ఎందుకు పోగయిందో ముందు చెప్పుకోవాలి. విజయవాడలోనో వరంగల్లులోనో ఉన్నవారికి ఇంత దాచుకోవలసిన అవసరం రాలేదు. వీధి చివర తెలుగు సినిమా ఆడేది, రేడియో తిప్పితే తెలుగు వినబడేది. మన సంగతి వేరు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు మద్రాసు రాజధానిలో ఉన్న బరంపురం ఇటు వచ్చింది. ఊరు ఉన్నచోటే ఉంది, సరిహద్దు జరిగింది. షోలాపూరు పద్మశాలీల విషయంలో మనుషులే మగ్గం వెంట కదిలి వెళ్ళారు. కారణం ఏదైనా ఫలితం ఒకటే: తెలుగు వినాలంటే ప్రయత్నం చేయవలసి వచ్చింది. విశాఖపట్నం ఆకాశవాణి 1963లో మొదలయ్యాక మా వైపు గాలి అనుకూలిస్తే వినబడేది. టేప్‌రికార్డర్లు వచ్చాక రేడియో ఎదురుగా దాన్ని పెట్టి, ఇంట్లో ఎవరూ దగ్గకుండా, గిన్నె కదపకుండా కాపలా కాసి సంక్షిప్త శబ్దచిత్రాలు రికార్డు చేసుకున్న ఇళ్ళు మా వీధిలోనే ఉన్నాయి. ఆ తర్వాత అద్దెకు వీసీఆర్‌లు. ఆ తర్వాత విశాఖ వెళ్ళొచ్చిన ప్రతివాడి సంచిలో నాలుగు వీసీడీలు.

వీటికి తోడు బజారులో ఎక్కడా దొరకనివి మరికొన్ని ఉన్నాయి. శ్రీరామనవమి పందిట్లో చెప్పిన హరికథలు. సంఘం వార్షికోత్సవాల్లో ఆడిన పద్యనాటకాలు. పెళ్ళి వీడియోల్లో, బ్యాండు మేళం మధ్య రెండు నిమిషాలు వినబడే అప్పగింతల పాటలు. ఆ పాట పాడిన ఆడవాళ్ళలో చాలామంది ఇప్పుడు లేరు. వారి పలుకులో ఒడియా మాట ఎక్కడ కలిసేదో, శ్రీకాకుళం యాస ఎక్కడ నిలబడిందో పుస్తకాల్లో దొరకదు. గిడుగు రామమూర్తి పంతులు గారు పర్లాకిమిడిలో ఉండగా సవరలు మాట్లాడే మాటను చెవితో విని రాసుకుని నిఘంటువు కట్టారు. మన మాటను అలా వినిపెట్టినది మాత్రం ఈ మూలపడ్డ క్యాసెట్లే.

పిల్లల సంగతి కూడా ఉంది. మన మనవల్లో ఎక్కువమంది తెలుగు మాట్లాడతారు, కొందరు కూడబలుక్కుంటారు, చదవగలిగినవారు తక్కువ. తమిళనాట 2006 చట్టంతో తమిళం తప్పనిసరి అయ్యాక హోసూరు వైపు తెలుగు బడుల పరిస్థితి మనందరికీ తెలిసిందే. ఇక్కడ ఒడియా, అక్కడ మరాఠీ, కన్నడం. ఆ భాషల మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు, నా ఉద్యోగమంతా ఒడియా ఫైళ్ళతోనే గడిచింది. అయితే ఇంట్లో తెలుగు బడి ఏదైనా మిగిలి ఉంటే అది టీవీ ముందు, మామ్మ పక్కన కూర్చున్న ఆ రెండు గంటలే. 2019 ఫిబ్రవరి నుంచి ట్రాయ్ కొత్త ధరల పద్ధతి వచ్చాక కావలసిన ఛానెళ్ళు ఏరుకునే వీలు వచ్చింది. కానీ రాష్ట్ర భాషా ప్యాకేజీ ఒకటి, దాని మీద తెలుగు మరొకటి అని రెండు లెక్కలు కట్టేది మనమే. యానాం వారికి ఈ బాధ లేదు. వారి చుట్టూ ఉన్నది గోదావరి జిల్లాలే.

ఇక యంత్రం సంగతి. కొంతమంది దీన్ని బ్రహ్మవిద్యలా చెబుతున్నారు. అంత లేదు. ఒక మూల పాత కంప్యూటరో, చిన్న పెట్టెలాంటి నెట్‌వర్క్ డిస్కో ఉంటుంది. అందులో మన దస్త్రాలన్నీ ఉంటాయి. దాన్ని సర్వర్ అంటారు. టీవీకి తగిలించిన స్టిక్కో, సెట్‌టాప్ బాక్సో అక్కడి నుంచి అడిగి తెచ్చుకుని చూపిస్తుంది. మధ్యలో ఉన్నది మన ఇంటి వైఫై. సినిమా ఒక గదిలోంచి ఇంకో గదిలోకి వస్తోంది తప్ప ఊరు దాటి రావడం లేదు కనుక ఇంటర్నెట్ డేటా ఖర్చు కాదు. ఈ ఒక్క ముక్క చాలామందికి తెలియదు. డేటా అయిపోతుందేమోనని భయపడి పగలు కట్టేసి రాత్రి చూసే ఒక పెద్దాయన మా సంఘంలోనే ఉన్నారు.

వేగం గురించి కూడా అనవసరపు భయం ఉంది. వీసీడీకి సెకనుకు ఒకటిన్నర మెగాబిట్లు సరిపోతాయి. డీవీడీకి పదికి మించవు. మన పాత సరుకంతా ఈ లెక్కలోపే. పాత ఇళ్ళ మందపు గోడలు దాటి వైఫై రాకపోతే ఒక తీగ లాగించుకోవడం మేలు, కొత్త రౌటర్ కొనేకంటే చవక.

ఇంకో మాట. సినిమాలు వందో నూటయాభయ్యో, టీవీ ఒక్కటే ఉన్న ఇంటికి సర్వరు అక్కర్లేదు. డిస్కును నేరుగా టీవీ వెనక యూఎస్‌బీ రంధ్రంలో పెట్టుకోండి. లేదా స్టిక్‌లో వీఎల్‌సీ అనే ఉచిత ఆప్ వేసుకుంటే కంప్యూటర్లో పంచుకున్న ఫోల్డరును అదే తెరుస్తుంది. వేల దస్త్రాలు, రెండు మూడు టీవీలు ఉన్న ఉమ్మడి కుటుంబాలకే ఈ పెద్ద ఏర్పాటు. అవసరం లేనివారికి కూడా పెద్ద ఏర్పాటు అంటగట్టే దుకాణాలు ఉన్నాయి, జాగ్రత్త.

ఇప్పుడు 2025లో ఏం జరిగిందో చూద్దాం. ప్లెక్స్ సంగతి మొదట్లోనే చెప్పాను. అదే సంస్థ సెప్టెంబరులో తన వినియోగదారుల ఈమెయిళ్ళు, సంకేతపదాల సమాచారం బయటి వ్యక్తి చేతికి వెళ్ళిందని ప్రకటించి, అందరినీ పాస్‌వర్డ్ మార్చుకోమంది. సంకేతపదాలు గూఢలిపిలోనే ఉన్నాయి కనుక భయం లేదన్నారు. సరే. మన ఇంట్లోని సినిమాను మన ఇంట్లోని టీవీలో చూడడానికి ఎక్కడో ఉన్న కంపెనీ రిజిస్టరులో మన పేరు ఎందుకు ఉండాలి అన్నది మాత్రం అడగదగ్గ ప్రశ్నే.

అంతకు ముందు మార్చిలో ఇంకా విచిత్రం జరిగింది. 2015 నాటి రెండో తరం క్రోమ్‌కాస్ట్‌లు మార్చి 9న ప్రపంచమంతటా ఒక్కసారిగా పనిచేయడం మానేశాయి. పరికరం చెడిపోలేదు, కరెంటు పోలేదు. అది నమ్మదగిన పరికరమే అని ధ్రువీకరించే డిజిటల్ పత్రం గడువు ముగిసింది, అంతే. గూగుల్ వారం లోపు సవరణ పంపింది. కార్యాలయంలో పనిచేసినవారికి ఇది కొత్త కాదు. పింఛనుదారు ఎదురుగా నిలబడి ఉన్నా, బతికే ఉన్నాడన్న పత్రం నవంబరులో అందకపోతే పింఛను ఆగుతుంది. ఇంట్లో వస్తువుకు కూడా అదే పద్ధతి వచ్చింది.

మూడోది, 2025 సెప్టెంబరు చివర అమెజాన్ ప్రకటించిన కొత్త ఫైర్ టీవీ స్టిక్. ఫోర్‌కే సెలెక్ట్ అని పేరు. ఇది ఆండ్రాయిడ్ మీద నడవదు, వేగా అనే వారి సొంత వ్యవస్థ మీద నడుస్తుంది. వారి దుకాణంలో ఉన్న ఆప్‌లు తప్ప బయటివి వేసుకోనివ్వదు. పాత స్టిక్‌లో మన పిల్లలు ఎక్కడినుంచో తెచ్చి వేసిన ఆప్ మీద ఇల్లంతా నడుస్తూ ఉంటే, అది పాడై కొత్తది కొన్నరోజున ఆ ఆప్ అందులో పట్టకపోవచ్చు. కొనేముందు పెట్టె మీది అంకెలు చూసి మురిసిపోకుండా, మనం వాడే ఆప్ ఆ దుకాణంలో ఉందా లేదా అని చూసుకోవాలి.

మన దేశంలో ప్రభుత్వ వ్యవస్థ ఊరికే కూర్చోలేదు. ఆండ్రాయిడ్ టీవీల విషయంలో తయారీదారులను గూగుల్ కట్టడి చేస్తోందన్న ఫిర్యాదు మీద కాంపిటీషన్ కమిషన్ ముందు కేసు నడిచింది. 2025 ఏప్రిల్‌లో రూ. 20.24 కోట్లకు రాజీ కుదిరింది. ఇకపై టీవీ తయారుచేసేవారు గూగుల్ దుకాణాన్ని విడిగా లైసెన్సు తీసుకోవచ్చు, మొత్తం మూట కొనాల్సిన పని లేదు. మంచిదే. కానీ ఇది తయారీదారుకు దొరికిన స్వేచ్ఛ. కొనుక్కున్న మనకు ఏ హామీ దొరికిందో ఆ ఉత్తర్వులో వెతకనక్కర్లేదు, ఆ కేసు మన గురించి కాదు.

ఈ మూడు నాలుగు సంఘటనలూ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు తోచింది ఇది. మన భాండాగారానికి మూడు తాళాలు ఉన్నాయి. దస్త్రం ఒక తాళం, దాన్ని వడ్డించే సాఫ్ట్‌వేర్ ఒకటి, టీవీ దగ్గరి పెట్టె మూడోది. మూడో తాళం ఎటూ మన చేతిలో ఉండదు. పెట్టెలు నాలుగైదేళ్ళకు మారుతూనే ఉంటాయి. మొదటి రెండు మాత్రం మన చేతిలో పెట్టుకోగలం, పెట్టుకుని తీరాలి.

రెండో తాళం విషయంలో జెల్లీఫిన్ అనే సాఫ్ట్‌వేర్ ఉంది. ఎంబీ అనే మరో సాఫ్ట్‌వేర్ వారు తమ కోడ్‌ను మూసేసినప్పుడు, 2018 చివరలో, దాని పాత బహిరంగ కోడ్ మీంచి కొందరు స్వచ్ఛందంగా దీన్ని విడిగా తీసుకొచ్చారు. చందా లేదు. కంపెనీ దగ్గర ఖాతా లేదు. పేరూ సంకేతపదమూ మన కంప్యూటర్లోనే ఉంటాయి. ఆండ్రాయిడ్ టీవీలకు, ఫైర్ టీవీలో ఆండ్రాయిడ్ నడిచే స్టిక్‌లకు దీని ఆప్ ఉంది. ప్లెక్స్ అంత నున్నగా ఉండదు, పెట్టేటప్పుడు ఒక సాయంత్రం కూర్చోవాలి. ఊరు దాటి చూపించడం మరీ తలనొప్పి. దానికి విడిగా వీపీఎన్ లాంటివి అమర్చాలి, మన బ్రాడ్‌బ్యాండ్ కంపెనీలు చాలావాటిలో బయటినుంచి ఇంటికి దారే ఉండదు. నా సలహా అడిగితే ఆ దారి వెతకడం మానండి. సంక్రాంతికి పిల్లలు వచ్చినప్పుడు ఒక డిస్కులో ప్రతి తీసి చేతికివ్వండి. ఒక కాపీ వేరే ఊళ్ళో ఉన్నట్టూ అవుతుంది.

సర్వరుకు కొత్త కంప్యూటర్ కొనక్కర్లేదు. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు ముగిసింది. విండోస్ 11 పట్టని కంప్యూటర్లు ఇంటింటా ఉన్నాయి, పాతసామాను వాడికి వేయడానికి సిద్ధంగా. వాటిలో లైనక్స్ వేసి ఈ పనికి పెట్టుకోవచ్చు. కరెంటు లెక్క కూడా వేసి చూశాను. 60 వాట్లు తాగే పాత కంప్యూటర్ రాత్రింబవళ్ళు నడిస్తే నెలకు సుమారు 43 యూనిట్లు. సాయంత్రం నాలుగు గంటలే నడిపితే ఏడు యూనిట్ల చిల్లర. ఎప్పుడూ నడవాలన్న నియమం ఎక్కడా లేదు.

"ఇదంతా ఎందుకు, ఓటీటీలో అన్నీ ఉన్నాయి కదా, యూట్యూబ్‌లో ఉన్నాయి కదా" అనేవారికి ఒక మాట. ఓటీటీలో ఉన్నది అద్దె సరుకు. ఒప్పందం ముగిస్తే సినిమా మాయమవుతుంది. సంస్థలే కలిసిపోతున్నాయి, 2025 ఫిబ్రవరిలో జియో సినిమా, హాట్‌స్టార్ ఒక్కటైపోయాయి. అదే ఏడాది జూన్ నుంచి ప్రైమ్ వీడియో చందా కట్టినవారికి కూడా మన దేశంలో ప్రకటనలు చూపిస్తోంది. కొత్త సినిమాల కోసం అవి ఉండనివ్వండి, మా ఇంట్లోనూ ఉన్నాయి. మీ అమ్మ పాడిన అప్పగింతల పాట మాత్రం ఏ ఓటీటీ కొనదు.

ఇక చెప్పక తప్పని విషయం. మన ఇళ్ళలోని పెద్ద డిస్కుల్లో ఉన్నదంతా మనం కొన్న డిస్కుల నుంచి వచ్చిందేనా? ఐబొమ్మ నడిపినట్టు చెబుతున్న వ్యక్తిని 2025 నవంబరులో హైదరాబాదు పోలీసులు అరెస్టు చేసినప్పుడు మన వాట్సాప్ గుంపుల్లో కనబడిన సానుభూతి చూస్తే జవాబు తెలిసిపోతుంది. టికెట్టు ధరలు, మన ఊళ్ళో తెలుగు సినిమా రాకపోవడం, ఇవన్నీ నిజమైన బాధలే. సంఘం కార్యదర్శిగా నా ఆందోళన వేరు. 2023లో సినిమాటోగ్రాఫ్ చట్టాన్ని సవరించారు. సినిమా హాల్లో దొంగతనంగా రికార్డు చేయడానికి, అలాంటి ప్రతిని బహిరంగంగా ప్రదర్శించడానికి కనీసం మూడు నెలలు, గరిష్ఠం మూడేళ్ళ జైలు. జరిమానా కనీసం రూ. 3 లక్షలు. ఎవరో కుర్రాడు పెన్‌డ్రైవులో తెచ్చిన కొత్త సినిమాను ఉగాది నాడు సంఘం హాల్లో తెర మీద వేస్తే సంతకాలు చేసిన మనమే జవాబు చెప్పుకోవాలి. మైనారిటీ భాషా సంఘానికి ఉన్న పరువే పెట్టుబడి.

అలాగే "అన్ని ఛానెళ్ళూ జీవితాంతం ఉచితం" అని బజార్లో అమ్మే పేరులేని ఆండ్రాయిడ్ పెట్టెలు. 2025 జూలైలో గూగుల్ అమెరికా కోర్టులో ఒక దావా వేసింది. బ్యాడ్‌బాక్స్ 2.0 అనే దొంగ సాఫ్ట్‌వేర్ కోటికి పైగా ఇలాంటి ధ్రువీకరణ లేని పరికరాల్లో చేరిందని అందులో చెప్పింది. పెట్టెలో ముందే ఎక్కించి అమ్మేవీ ఉన్నాయి. ఆ పెట్టె ఉన్న వైఫై మీదే మనం బ్యాంకు పని కూడా చేస్తున్నాం.

పాత సినిమాల సంగతి తేలిక అనుకోవడం కూడా పూర్తిగా సరికాదు. మన కాపీరైట్ చట్టం ప్రకారం సినిమా మీద హక్కు విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్ళు. 1957 నాటి మాయాబజార్ సినిమాగా 2017తో ఆ గడువు దాటింది. 1965 సినిమాలు 2025తో దాటాయి. కానీ పాట రాసినవారి హక్కు వేరే లెక్క, వారు పోయిన తర్వాత 60 ఏళ్ళు. మాయాబజార్ పాటలు రాసిన పింగళి నాగేంద్రరావు గారు 1971లో కాలం చేశారు. అంటే ఆ సాహిత్యానికి 2031 దాకా గడువు ఉంది. మన సొంత డిస్కు నుంచి మన ఇంట్లో చూసుకోవడానికి తీసుకున్న ప్రతి గురించి ఇంత బెంగ అక్కర్లేదు, సొంత వాడుకకు 52వ సెక్షన్ కొంత వెసులుబాటు ఇస్తోంది. ఊరికంతటికీ పంచితే అది సొంత వాడుక అనిపించుకోదు.

ఇప్పుడు మొదటి తాళం, దస్త్రం. ఇక్కడ నా గుమాస్తాగిరీ కొంచెం ఓపికగా వినాలి. డిస్కు ఎంత పెద్దదైనా, లోపల ఉన్నది దొరకకపోతే అది గోదాము. నేను చూసిన ఒక రెండు టెరాబైట్ల డిస్కులో "కొత్త ఫోల్డర్" పేరుతో 31 ఫోల్డర్లు ఉన్నాయి. ఒకదానిలో ఒకటి. ఆ ఇంటాయన పోయారు. అందులో ఏముందో చెప్పగలవారు ఇప్పుడు ఎవరూ లేరు.

సినిమాలకు పేరు పక్కన కుండలీకరణాల్లో సంవత్సరం తప్పనిసరిగా రాయండి. మల్లీశ్వరి (1951) ఒకటి, మల్లీశ్వరి (2004) ఒకటి. దేవదాసు (1953), దేవదాసు (2006). మాయాబజార్ కూడా 1957లో ఒకటి, 2006లో ఒకటి ఉన్నాయి. సంవత్సరం లేకపోతే సాఫ్ట్‌వేర్ తనకు తోచిన బొమ్మ తగిలిస్తుంది. భానుమతి గారి సినిమా మీద కత్రినా కైఫ్ బొమ్మ చూసి మా వదినగారు టీవీ కట్టేశారు.

ఇంటి వీడియోలను సినిమాలతో కలపవద్దు. "ఇంటి వీడియోలు" అని విడి విభాగం పెట్టుకునే వీలు ప్లెక్స్‌లోనూ జెల్లీఫిన్‌లోనూ ఉంది. కలిపితే మీ అక్క పెళ్ళికి ఏదో ఇంగ్లీషు సినిమా పోస్టరు వస్తుంది. వీటి పేరులో సంవత్సరం ముందు, తర్వాత నెల, తర్వాత ఊరు, తర్వాత సందర్భం. 1994-05 బరంపురం, పెద్దక్క పెళ్ళి అన్నట్టు. తేదీ ముందుంటే వాటంతట అవే వరసలో నిలబడతాయి. ఆ పక్కనే ఒక మామూలు పాఠ్య దస్త్రంలో, తెలుగులోనే, ఎవరెవరు కనబడుతున్నారు, ఎన్నో నిమిషంలో ఎవరు పాడుతున్నారు అని రాసి పెట్టండి. ఈ పని డబ్బిచ్చి చేయించుకోలేం. గొంతు గుర్తుపట్టగలవారు ఉన్నప్పుడే, వారిని పక్కన కూర్చోబెట్టుకునే చేయాలి. మా ఇంట్లో ఒక క్యాసెట్టుకు ఒక సాయంత్రం పట్టింది. సగం సమయం "అది చిన్నత్త కాదు, పెద్దత్త" అన్న వాదనకే పోయింది, ఆ వాదన కూడా రికార్డు చేసి ఉంచాను.

దస్త్రం ఏ రూపంలో ఉండాలి అంటే, ఎంపీ4 డబ్బాలో హెచ్.264 పద్ధతి. ఈ రోజు ఏ పెట్టె అయినా దాన్ని చదువుతుంది. వీసీడీలోని డాట్ దస్త్రాలను చాలా స్టిక్‌లు గుర్తే పట్టవు. డీవీడీ పద్ధతిని కొన్ని చిన్న స్టిక్‌లు సొంతంగా విప్పలేవు. అప్పుడు సర్వరు అప్పటికప్పుడు మార్చి పంపాలి, పాత కంప్యూటర్ రొప్పుతుంది, బొమ్మ ఆగి ఆగి వస్తుంది. హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ఒక్కసారి మార్చి పెట్టుకుంటే ఆ గొడవ ఉండదు. పెళ్ళి వీడియోల్లో మనుషులు కదిలినచోట దువ్వెన పళ్ళలా గీతలు కనబడితే అందులోనే డీఇంటర్లేస్ అన్న సదుపాయం వాడండి. మార్చాక అసలు దస్త్రాన్ని చెరిపేయవద్దు, వేరే డిస్కులో పడి ఉండనివ్వండి. పెద్ద దస్త్రం పెన్‌డ్రైవులోకి ఎక్కకపోతే అది చెడిపోయిందని కాదు, పాత ఫ్యాట్32 పద్ధతిలో ఒక్కో దస్త్రం నాలుగు జీబీ దాటకూడదు, అంతే. ఎక్స్‌ఫ్యాట్‌గా మార్చుకోవాలి. మార్చేటప్పుడు అందులో ఉన్నది చెరిగిపోతుంది గనుక ముందు ఖాళీ చేసుకోండి.

వీహెచ్ఎస్ టేపులు ఉన్నవారు ఇంకో ఏడాది చూద్దాం అనకండి. ప్రపంచంలో చివరిగా వీసీఆర్‌లు చేసిన జపాను సంస్థ ఫునాయ్ 2016 జూలైలో ఆపేసింది. మిగిలినవి ఉన్నవే. మన సముద్రపు గాలికి టేపు మీద తెల్లటి బూజు పడుతోంది. బూజు పట్టిన టేపును వీసీఆర్‌లో పెడితే టేపూ పోతుంది, వీసీఆర్ తలా పోతుంది.

ఎంత డిస్కు కావాలో కూడా లెక్క చెబుతాను. సెకనుకు నాలుగు మెగాబిట్ల చొప్పున గంట వీడియోకు 1.8 జీబీ. వెయ్యి గంటలు రెండు టెరాబైట్ల లోపే. గంట నిడివి ఆడియో క్యాసెట్లు వెయ్యి కలిపినా, సెకనుకు 128 కిలోబిట్ల ఎంపీ3గా చేస్తే అరవై జీబీ దాటవు. మన జిల్లాలోని తెలుగు ఇళ్ళ సొంత రికార్డింగులన్నీ కలిపినా చేతిసంచిలో పట్టే వ్యవహారమే.

అందుకే మా సంఘం సర్వసభ్య సమావేశానికి ఒక ప్రతిపాదన పెట్టాను. సినిమాలు సంఘం తీసుకోదు, ఎవరి సినిమాలు వారింట్లోనే. హరికథలు, నాటకాలు, పెళ్ళిపాటలు, సభల ఉపన్యాసాలు, అవి మాత్రం కుటుంబం లిఖితపూర్వకంగా ఒప్పుకుంటే ఒక ప్రతి సంఘం డిస్కులో చేరుతుంది. రిజిస్టరులో వరస సంఖ్య, ఇచ్చినవారి పేరు, రికార్డు చేసిన ఏడాది, ఊరు, గొంతు ఎవరిది, ఎవరికి వినిపించవచ్చు అని కాలములు. కుటుంబం ఎప్పుడు వద్దన్నా తీసేస్తాం. సొంత భాషను, లిపిని, సంస్కృతిని కాపాడుకునే హక్కు రాజ్యాంగం 29వ అధికరణంలో ఉందని ప్రతి సభలోనూ చెప్పుకుంటూనే ఉన్నాం. కాపాడవలసినది కొంత ఇలా పెట్టెల్లో ఉంది.

ఒప్పుకోనివారూ ఉన్నారు. పెళ్ళి వీడియో ఇంటి గుట్టు, సంఘానికి ఎందుకివ్వాలి అని ఇద్దరు సభ్యులు లేచి అడిగారు. వారి మాటలో న్యాయం ఉంది. పాట ఉన్న రెండు నిమిషాలే కత్తిరించి ఇవ్వవచ్చని నియమం మార్చాం. కోశాధికారి గారి అభ్యంతరం రెండో డిస్కు మీద. ఒకటి చాలదా, రెండోది దండగ ఖర్చు కదా అంటారు. ఒకే డిస్కులో పెట్టి, అది ఒక రోజు టకటక మని శబ్దం చేసి ఆగిపోతే కుటుంబాలకు ఏం చెప్పాలో వారే చెప్పాలి. రెండోది పర్లాకిమిడి సంఘం వారి బీరువాలో ఉంచుతామని వారు మాట ఇచ్చారు. డబ్బు మంజూరు కాలేదు. ఈలోగా మీ ఇళ్ళలో చేయగలిగిన పని ఒకటి ఉంది: సర్వరు సంకేతపదం, డిస్కు ఏ బీరువాలో ఉంది, ఏ ఫోల్డరులో ఏముంది అన్న కాగితం ఒకటి తెలుగులో రాసి, ఇంటి దస్తావేజులు ఉన్న సంచిలోనే పెట్టండి. రాసింది చదవగలవాడు ఇంట్లో లేకపోతే పక్కనే ఇంగ్లీషులోనో ఒడియాలోనో కూడా రాయండి.